ఇద్దరికీ ఒకటే బెల్టు

"విక్టోరియా, నా బెల్టు తీశావా?"

ఆ వారంలో యోసేపు ఆ మాట అడగడం నాలుగోసారి. తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో ఉల్లిపాయల బస్తాలు మోసే ముఠాకి ఆయన మేస్త్రీ. ఇరవై రెండేళ్లుగా నడుముకి ఆ వెడల్పాటి బెల్టు బిగించకుండా పనికి వెళ్లింది లేదు.

"మీ బెల్టు నాకెందుకండీ, అంగన్‌వాడీకి కట్టుకెళ్తానా?" అంది విక్టోరియా ఉప్మా కలుపుతూ.

నిజానికి ఆమెకీ అంతా అయోమయంగానే ఉంది. నొప్పుల ఆయింట్‌మెంటు ట్యూబు వారానికే ఖాళీ అయిపోతోంది. కాపడం పెట్టే ఉప్పు మూట ఒకచోట పెడితే ఇంకోచోట దొరుకుతోంది. మొగుణ్ణి అడిగితే, "నాకేం నొప్పి? పట్టేస్తే బెల్టు ఇంకాస్త బిగించి ఇంకో బస్తా ఎత్తితే అదే పోద్ది" అంటాడు. ఈ మాట వింటూనే పెరిగింది వాళ్ల ఒక్కగానొక్క కూతురు పెర్సిస్.

పెర్సిస్ ఏలూరులో డిగ్రీ రెండో సంవత్సరం, రోజూ ఇంటి నుంచే రైల్లో వెళ్లొస్తుంది. కాలేజీ చీర్ టీములో ఉంది. అంటే ఏమిటో విక్టోరియాకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆడేవాళ్లకి హుషారు రావాలని ఈ పిల్లలు పక్కన గంతులేస్తారట, ఒకళ్ల మీద ఒకళ్లు నిలబడతారట. తన కూతురు కింద నిలబడి పైవాళ్లను ఎత్తుతుందట. "కింద ఉన్నదాన్ని ఎవరు చూస్తారే?" అని ఓసారి అడిగి, కూతురి చేత మాటలు పడింది.

ఇంతలో స్నానాలగదిలో బకెట్ దభాలున పడింది. "అమ్మా" అన్న కేక వినిపించి ఇద్దరూ పరుగెత్తారు.

పెర్సిస్ గోడ పట్టుకుని సగం వంగి ఉండిపోయింది. లేవలేదు, కూర్చోలేదు. నడుము మీద చెయ్యి వేసిన విక్టోరియాకి చుడీదారు కింద గట్టిగా ఏదో తగిలింది. ఎత్తి చూస్తే యోసేపు బెల్టు.

ఆటోలో మెల్లగా ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ పిల్లని అటూ ఇటూ వంచి చూసింది. "కండరం పట్టేసింది. బెల్టు బిగించి, నొప్పి దాచుకుని రోజూ ఎత్తింది కదా, మరి పట్టేయదా? రెండు మూడు రోజులు వేడి కాపడం పెట్టండి. అలాగని మంచం మీదే ఉండిపోకూడదు, కాస్త నడవాలి. తర్వాత వ్యాయామాలు చెప్తాను. మూడు వారాలు ఎవర్నీ ఎత్తడానికి వీల్లేదు. అప్పటికీ వెనక్కి వంగితే నొప్పి వస్తుంటే ఎముక కూడా చూడాలి."

"కుదరదండీ. శనివారం పోటీ ఉంది" అంది పెర్సిస్.

"నీకేమైనా మతి పోయిందా?" విక్టోరియా గొంతు పెరిగింది. "నడవలేనిదానివి ఎవర్ని ఎత్తుతావు?"

"జ్యోత్స్న నా భుజాల మీదే నిలబడుద్దమ్మా. నేను తప్పుకుంటే టీమంతా ఆగిపోద్ది. నాన్న ఎప్పుడైనా నొప్పని బస్తా దించేశారా? చెప్పండి నాన్నా, దించేశారా?"

యోసేపు నేలచూపులు చూశాడు. విక్టోరియా మొగుడి మొహం చూసి, కూతుర్ని సమర్థిస్తాడేమోనని భయపడింది.

"దించేశానమ్మా" అన్నాడు చివరికి. "ఆర్నెల్లయింది. కుడికాలు తిమ్మిరెక్కి బస్తాతో సహా పడ్డాను. అప్పట్నుంచీ కాటా దగ్గర కూర్చుని తూకం చూస్తున్నాను. ఒక్క బస్తా ఎత్తలేదు."

విక్టోరియాకి ఏమీ అర్థం కాలేదు. ఆర్నెల్లుగా సాయంత్రం ఈయనకి వేడినీళ్లు కాస్తోంది తను. "మరి రోజూ ఆ బెల్టు ఎందుకండీ?"

"మీరిద్దరూ చూస్తారని. అది లేకుండా వెళ్తే బస్తాలు మానేశానని తెలిసిపోద్ది కదా."

పెర్సిస్ తండ్రి వంకే చూస్తూ ఏడ్చేసింది. "నేను మీలా ఉండాలనుకున్నాను నాన్నా."

"ఉన్నావు కదమ్మా. నాలాగే దాచావు" అన్నాడు యోసేపు. కూతురి చెయ్యి పట్టుకున్నాడు. మనిషి సిగ్గుతో చితికిపోయాడు.

డాక్టరమ్మ ముగ్గుర్నీ చూసింది. "అసలు పేషెంట్ ఎవరండీ?"

"అదే నాకూ తెలియట్లేదండీ" అంది విక్టోరియా కళ్లు తుడుచుకుంటూ. "ఇద్దర్నీ చూడండి. ఈయన కాలు ముందు చూడండి."

యోసేపు పరీక్ష అయ్యాక బయట బెంచీ మీద కూర్చున్నారు. పెర్సిస్ జ్యోత్స్నకి ఫోన్ చేసి, శనివారం తాను ఎత్తలేనని చెప్పింది. అటునుంచి చాలాసేపు మాటలు వినిపించాయి.

"ఏమందమ్మా?" అని అడిగాడు యోసేపు.

"ఏడ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని తిట్టింది. తర్వాత, నడుం ఎలా ఉందని అడిగింది."

"నన్ను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అన్నాడు యోసేపు మెల్లగా.

విక్టోరియా ఆ బెల్టుని మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"అడిగానండీ. రోజూ అడిగాను. మీరే చెప్పలేదు" అంది. "ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. ఎలా ఉందండీ మీ నడుం?"

"నొప్పిగా ఉంది విక్టోరియా" అన్నాడు యోసేపు.