బురద మీది గొంతు

జూలై ఆఖరి వారంలో మా దీవిలో ఏ చూరు కింద చూసినా వెల్లుల్లి గుత్తులే వేలాడుతుంటాయి. ఆ ఘాటు బట్టలకీ దుప్పట్లకీ, చివరికి చర్చిలో పాటల పుస్తకాలకీ పట్టేస్తుంది. ఆదివారం ఆరాధనలో కళ్ళు మూసుకుని ఉన్నా, పక్కన ఎవరొచ్చి కూర్చున్నారో వాసన మీద చెప్పేయగలను.

ఆ వాసనలోకి నా మనవరాలు సోదమ్ వచ్చింది. నా కొడుకు తేసిక్ కూతురు, తొమ్మిదేళ్ళది. తేసిక్ గ్వాంగ్జులో సిటీ బస్సు నడుపుతాడు. ప్రతి వేసవికీ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి, రెండు రోజులుండి, పిల్లని నా దగ్గర వదిలి వెళ్ళేవాళ్ళు. ఈసారి వాడొక్కడే వచ్చాడు. రేవులో పిల్లని దింపి, పెళ్ళానికి సెలవు దొరకలేదని చెప్పి, మంచినీళ్ళయినా తాగకుండా అదే పడవలో తిరిగి వెళ్ళిపోయాడు.

మా రోజులు మామూలుగానే గడిచాయి. తెల్లవారుజామున నేను ప్రార్థనకి వెళ్ళొచ్చేసరికి సోదమ్ ఇంకా నిద్రలోనే ఉండేది. తొమ్మిదింటికి చర్చిలో వీబీఎస్, పిల్లల వేసవి బైబిలు బడి. పైన పిల్లలు చప్పట్లు కొడుతూ పాటలు పాడుతుంటే, కింద వంటగదిలో మేం ఆడవాళ్ళం వాళ్ళ మధ్యాహ్న భోజనానికి దోసకాయలు తరిగేవాళ్ళం. ఎండ వాలాక మా వాకిట్లో చాప పరుచుకుని నేనూ పిల్‌సూన్ అక్కా వెల్లుల్లి ఒలిచేవాళ్ళం. అక్కది పక్కిల్లే. నాకంటే మూడేళ్ళు పెద్దది. నలభై ఏళ్ళుగా చర్చి పాటల బృందంలో పక్కపక్కనే నిలబడి పాడుతున్నాం. నోరు కాస్త పెద్దది గానీ మనసు వెన్న. తొట్టిలో చల్లబెట్టిన పుచ్చకాయ ముక్కల్ని సోదమ్ గింజలతో సహా మింగుతుంటే, రేపు నీ నెత్తి మీద తీగ మొలుస్తుంది చూడు, మీ అమ్మ జడ వేయడం మానేసి పందిరి వేయాల్సొస్తుంది అని ఆటపట్టించింది. నేను నవ్వాను. సోదమ్ నవ్వలేదు. ముక్క కింద పెట్టేసింది.

ఆ రాత్రి దోమతెరలో నా చెవి దగ్గరికి జరిగి చెప్పింది. అమ్మ ఇంట్లో ఉండటం లేదట. చలికాలం నుంచీ వేరే ఊళ్ళో ఉంటోందట. నాయనమ్మకి చెప్పొద్దని నాన్న అన్నాడట. దాన్ని దగ్గరికి లాక్కుని పడుకున్నాను.

తెల్లారితే శనివారం. మర్నాడు వీబీఎస్ ముగింపు, సంఘమంతటికీ ప్రేమవిందు. గుల్లలు వేసి నూడుల్స్ వండటం నా వంతూ, అక్క వంతూ. ఆటు పదకొండు దాకా ఉంటుందని చూసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతి గొప్పులూ వల సంచులూ పట్టుకుని బయలుదేరాం. సోదమ్ కూడా వస్తానంది. ఇంట్లో కూర్చుని దిగులు పడేకన్నా బురదలో ఆడుకోవడమే నయమని తీసుకెళ్ళాను.

నీళ్ళు వెనక్కి తీస్తే మా దీవి ముందు రెండు కిలోమీటర్ల మేర బురద బయటపడుతుంది. బూడిద రంగులో, మెత్తగా, ఎండకి నూనె రాసినట్టు మెరుస్తుంటుంది. దాని మధ్యలో ఒక నీటిపాయ. పోటు మొదలైతే ముందు నిండేది ఆ పాయే. ఎదురుగా సముద్రం ఎక్కడో దూరంగా కనిపిస్తూ ఉంటుంది, ఈలోగా వెనక దారి మూసుకుపోతుంది. అందుకే పాయ అవతల ఎక్కువసేపు ఉండకూడదు. కానీ ఆ రోజు గుల్లలు తవ్విన చోటల్లా దొరికాయి. సోదమ్ ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేస్తూ, వారం రోజుల్లో మొదటిసారి గలగలా మాట్లాడింది. ఆ మాటలు వింటూ నేను టైము చూసుకోలేదు.

పదకొండు దాటి ఉంటుంది. వీపుకి చల్లగాలి తగిలింది. పాత బావి మూత తీస్తే వచ్చే చల్లదనం. వాసన కూడా అదే. తలెత్తి చూస్తే సముద్రం వైపు ఏమీ లేదు. తెల్లటి గోడలాగా పొగమంచు నడిచి వస్తోంది.

మంచు మాకు కొత్త కాదు. మంచు దిగితే పాస్టరు గారు కొండ మీద చర్చి మైకులో కీర్తనలు పెడతారు. ఆ పాట వైపు నడిస్తే ఒడ్డు చేరతాం. అలాగే పాట మొదలైంది. ముందు పిల్‌సూన్ అక్క, వెనక నేను, నా ఎడమచేతిలో సోదమ్ చెయ్యి. మంచులో ఎవరు పిలిచినా పలక్కు పిల్లా అని అక్క వెనక్కి చూడకుండానే సోదమ్‌కి చెప్పింది. అది మా అత్తగారి కాలం నాటి మాట. పాస్టరు గారు వింటే నీకు వాక్యం చెప్పి కూర్చోబెడతారు అని నేను నవ్వాను.

యాభై అడుగులు వేశామో లేదో, మోచేతి కింద సోదమ్ కనపడటం మానేసింది. చెయ్యి మాత్రం ఉంది. బురదతో జారుతూ, చల్లగా.

అప్పుడు పాట ఆగింది. మాట సగంలో తెగిపోయింది. కరెంటు పోయినట్టుంది.

ఇక చప్పుడు లేదు. మా బూట్లు బురదలోంచి ఊడి వస్తున్న చప్పుడు... ఎక్కడో నీళ్ళు పాకుతున్న చప్పుడు... అంతే.

"నాయనమ్మా."

"ఆఁ, ఇక్కడే ఉన్నా తల్లీ," అన్నాను.

అన్నాక తెలిసింది. ఆ గొంతు నా పక్కనుంచి రాలేదు. వెనకనుంచి వచ్చింది... సముద్రం వైపు నుంచి.

ముందు అక్క అడుగులు ఆగాయి. "ఎవరికి పలికావు?" అని గుసగుసగా అడిగింది. "నడు. వెనక్కి తిరగకు," అంది.

"నాయనమ్మా, నా బూటు ఇరుక్కుపోయింది. నన్ను వదిలేసి వెళ్తున్నావేం?"

ముక్కు ఎగబీలుస్తూ మాట్లాడే ఆ తీరు సోదమ్‌దే. మాట చివర కొంచెం సాగదీయడం కూడా. నా చేతిలో ఉన్న పిల్ల మాత్రం ఒక్క మాట మాట్లాడటం లేదు. చెయ్యి లాగి దగ్గరికి తెచ్చుకున్నాను. మంచులోంచి ముఖం బయటికొచ్చింది. సోదమ్ ముఖమే. పాలిపోయి ఉంది. పెదాలు బిగబట్టి నన్నే చూస్తోంది. నన్ను చూసే భయపడుతోంది.

సోదమ్ అని పిలిచాను. పలకలేదు. తల అడ్డంగా ఊపింది.

"అది నేను కాదు నాయనమ్మా."

గొంతు ఈసారి దగ్గరగా వచ్చింది. పదడుగులు ఉంటుందేమో.

ప్రార్థన చేద్దామంటే నలభై ఏళ్ళుగా నోటికొచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. చేతిలో ఉన్న పిల్లని కుదిపి అడిగాను, నిన్న రాత్రి దోమతెరలో నా చెవిలో ఏం చెప్పావు అని. ఆ పిల్ల పెదాలు ఇంకా గట్టిగా బిగబట్టింది.

జవాబు వెనకనుంచి వచ్చింది. నిదానంగా.

"అమ్మ ఇంట్లో ఉండటం లేదని చెప్పాను. చలికాలం నుంచీ."

నా వేళ్ళు వదులయ్యాయి. దాచను, ఆ చెయ్యి వదిలేయబోయాను. బూట్ల చుట్టూ నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి... ఎటు చూసినా తెలుపే... అప్పుడు నా మణికట్టు మీద ఏదో పడింది. చుక్క. వెచ్చగా ఉంది. ఇంకొకటి పడింది. చేతిలో పిల్ల నోరు తెరవకుండా ఏడుస్తోంది.

ఆ వెచ్చదనం తప్ప నాకు వేరే ఆధారం దొరకలేదు. పిల్లని ఎత్తి వీపున వేసుకున్నాను. సంచి అక్కడే వదిలేశాను. అంతలో ఒడ్డు మీద ఆడవాళ్ళు గిన్నెలూ మూతలూ కొట్టడం మొదలుపెట్టారు. ఆ మోత వైపు నడిచాం. పాయ అప్పటికే నడుములోతు. అక్క నా చొక్కా పట్టుకుని అవతలికి లాగింది. వెనక గొంతు పిలుస్తూనే ఉంది. ఏడ్చింది. బతిమాలింది. తర్వాత వీబీఎస్‌లో నేర్చుకున్న పాట పాడటం మొదలుపెట్టింది. మేం గట్టెక్కేదాకా పాడింది. ఆఖరి చరణంలో, నోట్లోకి నీళ్ళు వెళ్ళినట్టు, ఆగిపోయింది.

ఒడ్డున అందరూ ఉన్నారు. ఎవరూ తప్పిపోలేదు. పాస్టరు గారు చేతిలో కుండమూతతోనే పరుగెత్తుకొచ్చి, ఫ్యూజు పోయిందని చెప్పి, మా ముగ్గురి చేతులూ కలిపి పట్టుకుని ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాను గానీ గొంతు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి సోదమ్ పిల్‌సూన్ అక్క ఇంట్లో పడుకుంటానంది. మర్నాడు విందులో పాస్టరమ్మ గారు ఎక్కడినుంచో తెప్పించిన గుల్లలతో నూడుల్స్ వండారు. సోదమ్ నా ఎదురుగా కూర్చోకుండా అక్క పక్కన కూర్చుని తింది. నేను చూసినప్పుడల్లా తల దించుకుంది.

సాయంత్రం చర్చి మెట్ల మీద పట్టుకుని అడిగాను, నేనేం చేశాను తల్లీ అని. చెప్పుల వైపు చూసింది. తర్వాత చెప్పింది.

"అటునుంచి నువ్వు కూడా పిలిచావు."

తనకి తన గొంతు వినపడనే లేదట. సముద్రం వైపు నుంచి వచ్చింది నా గొంతేనట. నీ చెయ్యి పట్టుకున్నది నేను కాదు, విదిలించుకుని ఇటు రా అని పిలిచిందట. అమ్మ సంగతి నిన్న నాకు చెప్పావుగా, ఇంకెవరికైనా తెలుస్తుందా అని కూడా అడిగిందట.

మరి అటు ఎందుకు వెళ్ళలేదు అని అడగలేకపోయాను. తనే చెప్పింది.

"నువ్వు గట్టిగా పట్టుకున్నావు. చెయ్యి లాక్కున్నా రాలేదు."

మంగళవారం తేసిక్ వచ్చి తీసుకెళ్ళాడు. రేవులో దగ్గరికి తీసుకుంటే సోదమ్ కాదనలేదు. కానీ ఒళ్ళు కర్రలా ఉంది.

ఆగస్టు రెండో వారం. మిరపకాయలు ఎండబెట్టే రోజులు. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఇలకోళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. ఇంటి వెనక చేనులో మిరపకాయలు కోస్తుంటే ఫోన్ మోగింది. తేసిక్. పాప దిగిందా అమ్మా అని అడిగాడు.

ఏ పాప అన్నాను.

వాడు నవ్వాడు. నిన్న సాయంత్రం నేను వాడికి ఫోన్ చేశానట. కోడలి సంగతి తెలుసనీ, వాణ్ణి ఏమీ అననని చెప్పి ఏడ్చానట. సెలవులు అయిపోయేలోగా పిల్లని మళ్ళీ పంపమని బతిమాలానట. వాడు కూడా ఏడ్చాడట. పొద్దున్నే అవతలి ఒడ్డున మొక్పో రేవుకి తీసుకెళ్ళి, పడవలో తాళ్ళు కట్టే బ్యోంగ్‌దే మన సంఘం వాడే కాబట్టి, అతనికి అప్పగించి ఎక్కించాడట.

పడవ రెండింటికి వస్తుంది. రెండూ పది అయింది.

బుట్ట ఎక్కడ పడేశానో తెలీదు. డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో అలా పరుగెత్తగలనని నాకే తెలీదు. రేవులో బ్యోంగ్‌దే తాడు చుడుతున్నాడు. పిల్ల ఏదిరా అని అడిగితే వింతగా చూశాడు.

"మీరే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు కదా పిన్నీ. ఐదు నిమిషాలు కూడా కాలేదు." అని, నా కాళ్ళ వైపు చూశాడు. "అప్పుడు మోకాళ్ళ దాకా బురద ఉంది. ఇంతలోనే కడిగేసుకున్నారా?"

బురద వైపు పరుగెత్తాను. బురద లేదు. నిండు పోటు. నీళ్ళు గట్టుని ఆనుకుని నీలంగా, నిశ్చలంగా ఉన్నాయి. ఎవరూ లేరు. పిలవాలంటే భయం వేసింది... పిలిస్తే ఏది పలుకుతుందో అని. ఇంటివైపు తిరిగాను.

గేటు తీసి ఉంది.

అరుగు చివర సోదమ్ కూర్చుని ఉంది. చెప్పులు పక్కన విడిచి, కాళ్ళు ఊపుతూ, ఉడకబెట్టిన మొక్కజొన్న కండె తింటోంది. కండె మీద ఇంకా ఆవిరి లేస్తోంది. ప్రాణం లేచొచ్చింది నాకు. తల్లీ అని పిలవబోయి, ఆగిపోయాను. వంటింట్లో కత్తి చెక్కకి తగులుతున్న చప్పుడు. టక్... టక్... టక్. మధ్యమధ్యలో సన్నగా ఒక కూనిరాగం.

సోదమ్ తలెత్తి నన్ను చూసింది. ఊగుతున్న కాళ్ళు ఆగాయి.

లోపల కత్తి చప్పుడు కూడా ఆగింది.

"ఎవరు తల్లీ, వాకిట్లో?"

నా గొంతు.

సోదమ్ నా ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రెండు కాళ్ళూ మెల్లిగా అరుగు మీదికి ముడుచుకుని, లోపలి వైపు తిరిగి చెప్పింది.

"తెలీదు, నాయనమ్మా."