ఫోన్లో ‘మేం’ అని వచ్చింది

మంగళవారం ఉదయం పదకొండు దాటాక, బేకరీ నడిపే అమ్మాయి అదే భవనం పై అంతస్తులో పనిచేసే అబ్బాయికి మెసేజ్ పంపింది. ఆమె నోటితో చెప్పింది, ఫోన్ రాసింది. రాసినదాంట్లో ఒక మాట ఆమె చెప్పింది కాదు. ఆ సంగతి వాళ్ళకు తెలియడానికి ఏడాది పైన పట్టింది.

వాళ్ళ పరిచయం మొదలైంది కూడా అలాంటి తప్పుతోనే.

ఆఫీసులో ఒకాయన ఉద్యోగం మారుతున్నాడు. కేకు తెప్పించే పని ఈ అబ్బాయి మీద పడింది. మెట్లు దిగడానికి బద్ధకించి, కింద బేకరీకి ఫోన్లో చెప్పి మెసేజ్ పెట్టాడు. కేకు మీద ‘మళ్ళీ కలుద్దాం’ అని రాయమన్నాడు. సాయంత్రం పెట్టె మూత తీస్తే ‘మల్లీ కలుద్దాం’ అని ఉంది. వెళ్ళిపోతున్నాయన భార్య కూడా ఆ పార్టీకి వచ్చింది. ఆమె పేరు మల్లి కాదు.

అబ్బాయి పెట్టె పట్టుకుని కిందికి దిగాడు. కౌంటరు వెనక అమ్మాయి మోచేతుల దాకా పిండితో ఉంది. చిటికెన వేలితో ఫోన్ తెరిచి చూపించింది.

“మీరు పంపిందే రాశాను. మీ మల్లి ఎవరో నాకేం తెలుసండీ.”

“మల్లి అని ఎవరూ లేరండీ. అది మళ్ళీ.”

“నేనూ అదే అంటున్నా. మల్లీ.”

ఆమె చేతులు కడుక్కుని, కత్తితో ఆ అక్షరం గీకి, క్రీముతో మళ్ళీ రాసింది. ‘ళ్ళీ’ పట్టక పక్కనున్న పువ్వు కూడా తీసేయాల్సి వచ్చింది. రాస్తూ రాస్తూ, పైన ఏం పని చేస్తారని అడిగింది. అబ్బాయి కాస్త తటపటాయించాడు. మనుషులు మాట్లాడింది ఫోన్ తెలుగులో రాసేలా నేర్పే కంపెనీ అది. అతను పొద్దంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఊరూపేరూ లేని గొంతు ముక్కలు వింటాడు. ఫోన్ రాసింది సరైతే ఒక మీట నొక్కుతాడు. తప్పయితే దిద్దుతాడు.

“అయితే ఆ మల్లిని కని పెంచింది మీరేనన్నమాట,” అంది.

ఆ రోజు నుంచి బేకరీలో అతని పేరు మల్లి.

బేకరీ ఆమెదీ, ఆమె అన్నయ్యదీ. అన్నయ్య ఓవెన్ దగ్గర, ఆమె పిండి దగ్గర. ఆమె చేతులు ఎప్పుడూ ఖాళీ ఉండవు కనుక, నోటితో చెబితే రాసే ఏర్పాటు తన ఫోన్లో పెట్టిమ్మని మల్లిని అడిగింది. అతను పెట్టిచ్చాడు. ఆ వారం నుంచి ఆమె అన్నయ్యకు పంపే మెసేజ్‌లు కొన్ని అతనికి కూడా రావడం మొదలైంది. పొరపాటున వస్తున్నాయని ఆమె అనేది.

ఒకరోజు ‘ఇష్టం అయిపోయింది, వచ్చేటప్పుడు తీసుకురా’ అని వచ్చింది. మల్లి ఆ మెసేజ్ చదివి, కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, చివరికి కిందికి దిగాడు.

“ఎంత కావాలి?”

“అరకిలో చాలు. ఈస్ట్ ఎక్కువ తెస్తే పాడవుతుంది.”

ఈస్ట్ అని విన్నాక అతను బజారుకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వాన. బేకరీలో ఆగిపోయాడు. ఆమె అతనికి కుర్చీ చూపించలేదు. బ్రెడ్డు ట్రేలు తడుస్తున్నాయి, అవి లోపలికి మొయ్యమంది. ట్రేలు అయిపోయాక కూడా వాన తగ్గలేదు. అప్పటికి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఎవరు ముందు అన్నారన్న దాని మీద ఇద్దరూ తరువాత చాలాసార్లు వాదులాడుకున్నారు. అన్నయ్య ఓవెన్ పక్క నుంచి తొంగిచూసి, “బావగారూ, ఆ చివరి ట్రే కూడా,” అన్నాడు. ఆమె అన్నయ్య మీదికి తడిగుడ్డ విసిరింది. ఆ పిలుపును మాత్రం వద్దనలేదు.

ఆ రోజుల్లోనే పై అంతస్తులో ‘మనం’, ‘మేం’ గొడవ వచ్చింది.

ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. తెలుగు మాట్లాడేవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేని సంగతి. కానీ ఆ ఆఫీసుకు పని పద్ధతులు రాసి పంపేవాళ్ళ భాషలో రెండింటికీ ఒకటే మాట. వాళ్ళు తేడా పట్టించుకోలేదు. తొందరగా మాట్లాడితే ఫోన్‌కూ రెండూ ఒకేలా వినపడుతున్నాయి. ఫిర్యాదులు వచ్చాయి. ఒకావిడ ‘నేనూ అమ్మా రేపు వెళ్తున్నాం, మేం డాక్టరుకి చూపించుకోవాలి’ అని చెబితే, పక్కింటావిడకు ‘మనం’ అని వెళ్ళిందట. పక్కింటావిడ తెల్లారేసరికి తయారై గుమ్మంలో కూర్చుందట.

వారాంతంలోగా ఏదో ఒకటి చేయమని టీమ్ లీడ్ అడిగింది. మల్లి ఒక రూలు రాశాడు. మాట ‘నేనూ అమ్మా’, ‘నేనూ అన్నయ్యా’ అంటూ ఇంటివాళ్ళతో మొదలైతే, ఆ తరువాత వినపడేది మనమైనా మేమైనా ‘మేం’ అనే రాయాలి. తప్పులు తగ్గాయి. సోమవారం మీటింగులో అతనికి చప్పట్లు కొట్టారు.

ఆ సంగతి అతను సాయంత్రం బేకరీలో చెప్పాడు. ఆమె పిండి పిసుకుతూ విన్నది.

“అయితే ఇంట్లోవాళ్ళ పేరెత్తాక బయటివాళ్ళు లోపలికి రాకూడదన్నమాట.”

“చాలావరకు అంతే.”

“ఎవరైనా వస్తేనో?”

“అరుదు. అరుదైనవాటికి రూలు రాయం.”

ఆమె పిండి మీద తడిగుడ్డ కప్పింది. మల్లి టీ తాగేసి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఎండాకాలంలో, భవనం యజమాని కింది గది ఖాళీ చేయమన్నాడు. అన్నయ్య చుట్టుపక్కల చూశాడు, దొరకలేదు. బస్సులో ఆరు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో పెద్ద షాపు దొరికింది. అడ్వాన్సు ఇచ్చేముందు చెల్లెల్ని కూర్చోబెట్టి అడిగాడు.

“మల్లి సంగతేంటి? ఉన్నాడా, లేడా?”

తెలియదంది. తెలియకపోతే అడగమన్నాడు. మల్లి పని ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చని అన్నయ్య ముందే కనుక్కున్నాడు. అతను వస్తానంటే వాళ్ళింటికి తనే వెళ్ళి పెళ్ళి మాట మాట్లాడతానన్నాడు. ముఖాముఖి అడగడం తన వల్ల కాదని ఆమె చెప్పింది. ఇంతకాలం అంత వాగుడు వాగి ఇప్పుడు సిగ్గేంటని అన్నయ్య అడిగాడు. అది వేరు, ఇది వేరంది.

మంగళవారం ఆమె ఫోన్‌ను గోడకు ఆనించి, పిండి చేతులతోనే మాట్లాడింది. తను ఏం చెప్పిందో తనకు తెలుసు కనుక, ఫోన్ ఏం రాసిందో చదవలేదు.

మల్లికి అందింది ఇది: ‘నేనూ అన్నయ్యా అన్నీ మాట్లాడుకున్నాం. ఆదివారం మేం ఈ ఊరు వదిలి వెళ్ళిపోతున్నాం. సరేనా?’

అతను బాల్కనీలోకి వెళ్ళి ఇంకోసారి చదివాడు. అన్నీ మాట్లాడుకున్నారు. తనతో ఒక్క మాట అనలేదు. ‘నేను’ అని టైపు చేసి చెరిపేశాడు. మధ్యాహ్నం భోజనం వేళకు జవాబు పెట్టాడు: ‘సరే. వెళ్ళి రండి.’

ఆదివారం లారీ వచ్చింది. మల్లి కిందికి దిగి ట్రేలు, పిండి డబ్బాలు ఎక్కించడంలో సాయం పట్టాడు. అన్నయ్య థాంక్స్ చెప్పాడు. బావగారూ అనలేదు. అమ్మాయి తూకం మిషన్‌ను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

“జాగ్రత్తండీ,” అన్నాడు మల్లి.

“మీరూ జాగ్రత్త,” అంది.

లారీ వెళ్ళిపోయింది. కింది గదిలో మొబైల్ షాపు పెట్టారు.

మరుసటి ఏడాది వర్షాకాలంలో, మధ్యాహ్నం పని మధ్యలో, మల్లి హెడ్‌ఫోన్‌లోకి ఒక గొంతు ముక్క వచ్చింది. ఆ ముక్కలకు పేర్లుండవు. వాడకానికి ఒప్పుకున్నవాళ్ళవి ఎప్పుడెప్పటివో కలగలిపి పంపుతారు. వెనక ఓవెన్ గంట మోగింది. గంట ఆగాక అమ్మాయి గొంతు.

“నేనూ అన్నయ్యా అన్నీ మాట్లాడుకున్నాం. ఆదివారం మనం ఈ ఊరు వదిలి వెళ్ళిపోతున్నాం. సరేనా?”

తెర మీద ఫోన్ రాసిన వాక్యం ఉంది. అందులో ‘మేం’ అని ఉంది. కింద తను రాసిన రూలు నంబరు ఉంది.

అతను మళ్ళీ విన్నాడు. ‘మనం’ అన్న చోట ఆమె కొద్దిగా ఆగింది. ‘సరేనా’ అన్నాక నవ్వు ఆపుకుంది.

ఏ మీటా నొక్కకుండా టీమ్ లీడ్ దగ్గరికి వెళ్ళాడు. రూలు తప్పని, తీసేయాలని చెప్పాడు. ఎన్ని ముక్కల్లో తప్పు వచ్చిందని ఆవిడ అడిగింది. ఒకదాంట్లో అన్నాడు.

“ఒక్కదాని కోసం రూలు తీసేస్తే ఎలాగండీ? మీరే కదా అరుదైనవాటిని వదిలేద్దామన్నారు.”

ఆ ముక్క ఎవరిదో అతను చెప్పలేదు. మర్నాటికి సెలవు అడిగాడు. ఆవిడ ఇచ్చింది.

కొత్త షాపు బస్టాండు వెనక వీధిలో ఉంది. మల్లి వెళ్ళేసరికి అన్నయ్య కౌంటరు దగ్గరున్నాడు. అతన్ని చూసి, చెల్లెలు లోపలుందని మాత్రం చెప్పాడు. తరువాత “పిలిచి పిల్లనిస్తానంటే...” అని మొదలుపెట్టి, సామెత పూర్తి చేయకుండా బిల్లు కొట్టడంలో పడ్డాడు.

ఆమె పిండి బల్ల దగ్గర నిలబడి ఉంది. కూర్చోమంది. అతను నిలబడే చెప్పాడు. రూలు సంగతి, గొంతు ముక్క సంగతి, ఆమె ఏమందో, తనకు ఏం వచ్చిందో. చెప్పడం అయ్యాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫోన్ తీసింది. వెనక్కి వెనక్కి వెళ్ళి ఆ మంగళవారం దగ్గర ఆగింది. తను పంపిన మెసేజ్‌ను అప్పుడే మొదటిసారి చదివింది. దాని కింద అతని జవాబు ఉంది.

“నువ్వు చదివింది ఇదా?”

“అదే.”

“నేను నిన్ను వదిలేసి పోతున్నానని, సరేనా అని అడుగుతానా? ఎవరైనా అలా అడుగుతారా?”

“అప్పుడు తోచలేదు.”

“నేను లేనా అందులో అని ఒక్క మాట అడగాల్సింది.”

“నువ్వూ అడగాల్సింది. ఎందుకు రానన్నావని.”

“‘వెళ్ళి రండి’ అన్నావు. మీతో నాకేం పని అన్నట్టు. ఇంకేం అడగను?”

ఆమె స్టూలు మీద కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. ఓవెన్ గంట మోగింది. అన్నయ్య వచ్చి ట్రే తీసి, ఇద్దరినీ చూసి, మళ్ళీ బయటికి వెళ్ళాడు.

“ఇప్పుడు అడుగుతున్నాను,” అన్నాడు మల్లి. “ఆదివారం కాకపోతే ఏ వారమైనా సరే. నేను వస్తాను.”

వచ్చే నెలలో తన పెళ్ళని ఆమె చెప్పింది. ఇదే వీధిలో కళ్ళద్దాల షాపు ఉంది. అందులో కళ్ళు పరీక్ష చేసే అతనే పెళ్ళికొడుకు. పొద్దున్నే బ్రెడ్డుకి వచ్చేవాడు. చలికాలం అయిపోతుండగా ఒకరోజు బ్రెడ్డు తీసుకుని, డబ్బులిచ్చి, అక్కడే నిలబడి అడిగాడు.

“నోటితో అడిగాడు. నాకు చేతకానిది అతనికి చేతనైంది,” అంది. “ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించాకే సరేనన్నాను.”

“నీకు ఇష్టమేనా?”

“ఇష్టమే. అప్పుడు నువ్వు వస్తానని చెప్పి ఉంటే ఇతను నాకు బ్రెడ్డు కొనే మనిషి. అంతే. ఇప్పుడు అలా అనలేను.”

మల్లి తల ఊపాడు. ఆమె కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, చేతికి ఇంకా పిండి ఉందేమోనని చూసుకుంది. లేదు. తుడుచుకుంది.

“నిన్నొక్కడినే అనడం లేదు,” అంది. “ఆ రోజు నాలుగు మెట్లెక్కి పైకి వస్తే అయిపోయేది. రాలేదు.”

ఆమె అడగకుండానే టీ పెట్టింది. తాగినంతసేపూ కొత్త ఓవెన్ గురించి, వేడి ఒక పక్కనే పట్టడం గురించి మాట్లాడుకున్నారు. పెళ్ళికి రమ్మని ఆమె పిలిచింది. తేదీ, హాలు పేరు చెప్పింది. మెసేజ్ పెట్టనా అని అడగలేదు. అతను గుర్తుపెట్టుకుంటానన్నాడు.

బస్టాండు దాకా అన్నయ్య తోడు వచ్చాడు. బస్సు కదిలేముందు అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి, “వచ్చి మంచి పని చేశావు తమ్ముడూ,” అన్నాడు. “రాకపోతే అది బతికినంతకాలం నీ మీద కోపంతో ఉండేది.”

పెళ్ళి అనుకున్న తేదీనే జరిగింది. మల్లి ముందురోజు బస్సుకే వెళ్ళాడు. ఆ రోజు తీసిన ఫొటోలో రెండో వరుసలో, అన్నయ్య పక్కన ఉన్నాడు.