ఆరో మంచం దగ్గర బాలమ్మ

మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన, దుర్గాపూర్ బొగ్గుగని కార్మికుల లైన్లలో ఈ కథను అందరూ ఒకే తీరుగా చెబుతారు. ప్రేమలతకు గాలి సోకిందట. ఆసుపత్రిలో పీనుగులా పడి ఉంటే, అదే మంచం మీద ఏనాడో చచ్చిపోయిన బాలమ్మ అనే ఆవిడ దయ్యమై వచ్చి కాపాడిందట. చెప్పే నోరు మారినా కథ మారదు. అయితే, గాలి సోకిందన్న మాట నిలవదు. కాపాడిందన్న మాట అసలే నిలవదు. ఇక ఏనాడో చచ్చిపోయిందన్న మాట ఉందే, దాన్ని తరచి చూసిన మనిషి ఒక్క ప్రేమలతే.

2023 జూన్ 23న అక్కడ తొలి వాన పడింది. తడిసిన బొగ్గుపొడి వాసన క్వార్టర్ల నిండా కమ్ముకుంది. లోపల ఉక్క. ప్రేమలత భర్త రామకిషన్ ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ లారీ నడుపుతాడు; ఆ రాత్రి అతనికి డ్యూటీ. ఆమె చాప పరుచుకుని వట్టి నేల మీదే పడుకుంది. తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి మెలకువ వచ్చింది. కళ్ళు తెరవబోయింది. రెప్పలు లేవలేదు.

గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళిన ఆమెను చూసి అత్త లస్మవ్వ నవ్వింది.

"ఏందే, తాగినోళ్ళ లెక్క ఊగుతున్నవ్? మొగడు డ్యూటీకి పోంగనే సీసా తెరిచినవా ఏంది?"

జవాబు చెబుదామంటే నాలుక కదలలేదు. మోకాళ్ళు మడతపడ్డాయి. సూర్యుడు పైకొచ్చేసరికి చేతులు చచ్చుబడ్డాయి. చంద్రపూర్‌లోని ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి కూడా ఆమె మాట వినడం మానేసింది. గొంతులోకి గొట్టం దింపి, మిషను పెట్టి, అత్యవసర వార్డులో ఆరో మంచం మీద పడుకోబెట్టారు.

డాక్టర్లు ఒళ్ళంతా వెతికారు. కాటు గుర్తు లేదు. తల స్కాను తీశారు, ఏమీ లేదు. నెత్తుటి పరీక్షలు, వెన్ను నీటి పరీక్ష, అన్నీ బాగానే ఉన్నాయి. రామకిషన్ ఆ స్కాను కవరు చంకన పెట్టుకుని ఊళ్ళో మరో ముగ్గురు డాక్టర్ల గుమ్మాలు ఎక్కి దిగాడు. నలుగురూ తలలు అడ్డంగా ఊపారు. "మరి ఏమైంది సార్?" అని అతను మరాఠీలో బతిమాలుతుంటే, వార్డు డాక్టరు కాగితాలు తిప్పే చప్పుడు మాత్రం వినిపించింది.

అవును, ప్రేమలతకు వినిపించింది. మిషను ఊదడం, పీల్చడం. ఎవరివో చెప్పులు ఈడ్చే శబ్దం. మొగుడు ముక్కు చీదడం. ఒళ్ళంతా రాయి కాగా చెవులు మిగిలాయి, వాటి వెనక తానూ మిగిలింది. ఆ సంగతి చెప్పడానికి ఒక్క వెంట్రుక కూడా ఆమె అధీనంలో లేదు.

రెండో రోజు సాయంత్రం, బంధువులను లోపలికి వదిలే వేళకు, స్టూలు గరగరమని జరిగింది. ఎవరో కూర్చున్నారు. మందుల వాసన మీదుగా మరో వాసన... అప్పుడే తవ్వి పోసిన రేగడి మన్నుది.

"చెల్లె... మంచిగున్నవా?"

ఆడగొంతు. కోర్పన తాలూకా దిక్కు మాట్లాడే తెలుగే. పక్క మంచం వాళ్ళ చుట్టమేమో అనుకుంది ప్రేమలత.

"నా పేరు బాలమ్మ. నువ్వు ఇంటున్నవని నాకెర్క. గీళ్ళకు తెల్వదు." చిన్నగా నవ్వింది. "మీ అత్త నోరు అంగడంత ఉంటదే! బయట కూసోని గోండ్‌పిప్రి భూతవైద్యున్ని పిలుస్త అంటుంది. పిలువనియ్యి. ఆయనకేం తెల్సు."

స్టూలు మళ్ళీ జరగలేదు. మనిషి లేచిన అలికిడి లేదు. వాసన మాత్రం పోయింది.

మూడో రోజు డాక్టరు ఆమె రెప్పలెత్తి టార్చి వేశాడు. వెలుగు కత్తిలా దిగింది. కనుపాపలు కదలలేదట. మెదడు పనిచేయడం లేదనీ, ఆశ పెట్టుకోవద్దనీ అతను మెల్లగా చెప్పాడు. ఆమె లోపల అరిచింది. మిషను తన పని తాను చేసుకుపోయింది.

అప్పుడు లస్మవ్వ నోరు విప్పింది.

"కిషనూ, ఇంటికి తీస్కపోదాం బిడ్డ. మన ఊరికి."

"అవ్వా, మిషన్ తీస్తే..."

"తెల్సురా! బయట పానం పోయినంక తీస్కపోతే పీనుగును గడప దాటనియ్యరు. వాకిట్లనే పండవెడ్తరు. వాన పడుతుంది. నా కోడలు వాన్ల తడ్సుకుంట వాకిట్ల ఉండాల్నా? పానం ఉండంగనే ఇంట్లకు పోవాలె. దారి పొడుగూత ఊపిరికోసం చేత్తోని రబ్బరు బుగ్గ ఒత్తుతరట. గడప దాటినంక తీస్తరు."

ఆ గొంతులో కోపం లేదు, వదిలించుకునే తొందర లేదు. కోడలి మీద ప్రేమతోనే ఆమె ఆ మాట అంటోంది. ప్రేమలతను అన్నిటికంటే భయపెట్టింది అదే. ద్వేషించేవాళ్ళయితే ఎవరో ఒకరు అడ్డుపడతారు. దీనికి ఎవరు అడ్డుపడతారు? మర్నాటి సాయంత్రానికి అంబులెన్సు మాట్లాడారు. రామకిషన్ కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు, బంధువులను వదిలే వేళకు, రేగడి వాసన వచ్చింది. ఈసారి స్టూలు జరగలేదు. పరుపు అంచు కుంగింది.

"నన్ను గూడ గిట్లనే తీస్కపోయిన్రు చెల్లె," అని గుసగుసలాడింది బాలమ్మ. "ఇంటిదాంక ఏం గాదు. గడప దాటినంక గొట్టం గుంజుతరు. ఊపిరి మొత్తం పోదు... సన్నగ ఉంటది. ఎవ్వరికి కానరాదు. స్నానం పోస్తరు. నీళ్ళు మస్తు సల్లగ ఉంటయి. అందరు ఏడ్సుడు ఇనవడ్తది. తర్వాత మన్ను. ముందుగాల చప్పుడు పెద్దగ వస్తది... ఎన్క ఎన్క తగ్గుతది. తగ్గుతది గని... ఇనవడుడు బందుగాదు."

మిషను ఊదింది. పీల్చింది.

"జల్ది లేవు. నాకు జాగ గావాలె."

ప్రేమలత తన్నుకుంది. లోపల. చేయి... లేదు. మెడ... లేదు. కాలు ఎక్కడుందో కూడా తెలియదు. ఉందనుకుంది. చివర వేలు ఉందనుకుంది. దాన్ని పిలిచింది. మళ్ళీ పిలిచింది...

స్ట్రెచరు చక్రాలు దగ్గరికొచ్చాయి.

"ఆగుండ్రి," అంది లస్మవ్వ. "ముత్తైదువ. పాదాలకు పసుపు వెట్టకుండ ఎట్ల పంపుతం?"

నర్సు ప్రతిభ మరాఠీలో కసిరింది: వార్డులో ఇవన్నీ కుదరవని. లస్మవ్వ మరాఠీ రానట్టు నటించింది. ఆమెకు బాగానే వచ్చు. తడిపిన పసుపుతో ఎడమ పాదం గట్టిగా రుద్దుతూ ఏడుస్తూ తిట్టింది. "నాకంటె ముందు పోతవానే... నాకు గంజి ఎవలు పోస్తరే..."

చెయ్యి ఆగిపోయింది.

"కిషనూ! ఇది నన్ను తన్నిందిరా!"

"అవ్వా, ఊకో."

"తన్నిందంటున్న గదరా! పదైదేండ్ల సంది ఎదురుమాట అనని పిల్ల ఇయ్యాల అత్తను తన్నింది!"

ప్రతిభ వంగింది. వినిపిస్తే మళ్ళీ కదపమని హిందీలో చెవి దగ్గర అడిగింది. ఎడమ కాలి బొటనవేలు, గింజంత మేర, వంగింది.

ఆ సాయంత్రమే నాగపూర్‌లోని పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. కట్లపాము అయ్యుంటుందని ఆయన అన్నాడు. అది కాటేసిన చోట నొప్పి ఉండదు, చాలాసార్లు గుర్తూ ఉండదు; కడుపులో మాత్రం నొప్పి లేస్తుంది. కనుపాపలు కూడా చచ్చుబడతాయి. మనిషి మాత్రం లోపల మేలుకునే ఉంటాడు. విషం దిగేదాకా మిషనుతో ఊపిరి అందిస్తే చాలన్నాడు. అందించారు. జూలై 10న ప్రేమలత తన కాళ్ళ మీద నడిచి బయటికొచ్చింది.

బాలమ్మ సంగతి విని వార్డు డాక్టరు నవ్వలేదు. మిషను మీద ఉన్నవాళ్ళకు భయం గొంతులను పుట్టిస్తుందని, అది మామూలేనని వివరించాడు. ప్రేమలతకు ఆ మాట ఆసరా అయింది. అయినా ఇంటికి వెళ్ళేముందు, వార్డు పుస్తకంలో ఆ పేరు వెతకమని ప్రతిభను అడిగింది. వార్డు తెరిచిన నాటి నుంచి, ఏడేళ్ళ పేజీలు ఇద్దరూ కూర్చుని తిప్పారు. ఆరో మంచం మీదే కాదు, ఏ మంచం మీదా బాలమ్మ లేదు. లైన్లలో ఆ మాట చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు. ఆమె మాత్రం చాలా రోజుల తర్వాత నిశ్చింతగా నిద్రపోయింది.

సెప్టెంబరు 5న పరీక్ష కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు ప్రతిభ ఆమె ముఖం కేసి చూడలేదు. బల్ల దగ్గరికి పిలిచింది.

"మీ భాష మనిషే," అంది నెమ్మదిగా. "రెప్పలు వాలిపోయి వచ్చిందట. కాటు గుర్తు లేదట. నేను ఆ వారం సెలవులో ఉన్నాను. ఉండి ఉంటే..."

మాట పూర్తి చేయకుండా పుస్తకం తిప్పి ప్రేమలత ముందుకు జరిపింది.

ఆరో మంచం. బాలమ్మ, వయసు 44, కోర్పన తాలూకా. చేరిన తేదీ: 2023 ఆగస్టు 19. బంధువుల కోరికపై ఇంటికి పంపిన తేదీ: 2023 ఆగస్టు 22.