గొట్టాల్లో గొంతు

విస్కాన్సిన్‌లో మూతబడ్డ ఆ లూథరన్ చర్చి పేరెత్తితే ఇప్పటికీ జనం గొంతు తగ్గిస్తారు. అక్కడి ఆర్గాన్‌కి, అదే గదంత గొట్టాల వాద్యానికి, శ్రుతి చేస్తూ చేస్తూ ముసలి క్లెమెన్స్ దాని గొట్టాల మధ్యే ప్రాణం విడిచాడు. పని సగంలో ఉంది... అప్పట్నుంచి రాత్రిళ్ళు లోపల ఎవరో దగ్గుతారట. ఊరికే ఇస్తామన్నా ఆ ఆర్గాన్‌ని ఎవరూ తీసుకోలేదు — పిరికి సన్నాసులు!

మూతబడ్డ చర్చిల ఆర్గాన్లకు కొత్త ఇల్లు వెతకడమే ఆర్విడ్ పని. క్లెమెన్స్ బతికుండగా అతనితో మాటల్లేవు. ఓసారి ఆ ముసలాడు అందరి ముందూ తనని "నీవి చెవులా, చేటలా?" అన్నాడని చావుక్కూడా వెళ్ళలేదు. ఆర్గాన్ మీద మాత్రం కోపం లేదు. ఎలాగో అయోవాలో ఓ చర్చి వాళ్ళని ఒప్పించాడు. తెల్లారి వచ్చి వింటారు. వాళ్ళకి నచ్చకపోతే మధ్యాహ్నానికి గొట్టాలన్నీ కరిగించడానికి పోతాయి.

అందుకే ఆ రాత్రి బావమరిది మైలోని గొట్టాల మధ్యకు తోలి, తాను ఆర్గాన్ ముందు కూర్చున్నాడు. బయటివాడు మెట్టు నొక్కి పట్టుకోవాలి, లోపలివాడు ఆ గొట్టాన్ని సరిచేసి, "తర్వాతది" అనాలి. ఒకరికొకరు కనబడరు.

"తర్వాతది."

గొంతు బొంగురుగా ఉంది. చలికి పట్టేసిందనుకున్నాడు.

"మెల్లగా వదులు, మొద్దూ."

"నోరు అదుపులో పెట్టుకోరా మైలో. మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా."

"తర్వాతది."

శ్రుతి మాత్రం... ఆహా! వీడి చేతికి ఇంత పనితనం ఎప్పుడొచ్చింది? ఆర్విడ్ ఒళ్ళు పులకరించింది. అయినా పైకి అనలేదు — పొగిడితే నెత్తికెక్కుతాడు.

అంతలో వీధి తలుపు కిర్రుమంది. రెండు కాఫీ కప్పులతో... మైలో!

"చలికి ఉండలేక వెనక తలుపులోంచి అలా వెళ్ళొచ్చా, తిట్టకు బావా. ఇంతకీ... ఎవరికి నొక్కుతున్నావు?"

లోపల్నుంచి మెల్లగా — "తర్వాతది."

కప్పులు నేలపాలు. మైలో రోడ్డెక్కాడు. ఆర్విడ్ కూడా లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు. కానీ బాకాలా మోగే గొట్టాల వరస ఇంకా మిగిలే ఉంది. పొద్దున్నే అయోవా వాళ్ళొస్తారు.

మళ్ళీ కూర్చున్నాడు.

"చేస్తే చెయ్యి క్లెమెన్స్," అన్నాడు గుసగుసగా. "కానీ పనయ్యాక నువ్విక్కడే ఉండిపోవాలి. దీని వెంట అయోవా పోకూడదు. ఒట్టేసి చెప్పు."

గొట్టాల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"తర్వాతది."