చుక్కల దారి

"ప్రొఫెసర్‌ని నిన్న ఎత్తుకుపోయారు" అన్నాడు చీఫ్.

ఏజెంట్ కాకర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాలుక చేదు చూసి డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన కోడ్ నేమ్ అది.

"మన రాడార్లన్నిటి గుట్టూ ఆయన బుర్రలో ఉంది. ఇవాళ పొద్దుగూకేలోగా హెలికాప్టర్లో సరిహద్దు దాటిస్తారు. దాటిస్తే ఆయన ప్రాణాలతో తిరిగి రాడు. ఇదిగో, ఇది తీసుకో!"

చీఫ్ టేబుల్ మీద పెట్టింది సబ్బుబిళ్ళంత జీపీఎస్. దాన్ని పసిబిడ్డని నిమిరినట్టు నిమిరాడు. లిఫ్ట్ దాకా వెళ్ళాలన్నా ప్యూన్ తోడు కావాల్సిన మనిషికి దారి చూపే యంత్రాలంటే మహా మోజు.

"వాళ్ళ స్థావరం ఇందులో ఫీడ్ చేసి ఉంది. ఈమధ్య నేనే చేర్చుకున్న ఏజెంట్ మైనా ప్రాణాలకి తెగించి కనుక్కొచ్చింది. నీ భార్య వేషంలో తనే వస్తుంది."

సోఫాలో కూర్చున్న మైనా నవ్వింది. ఆ నవ్వుకి చీఫ్ కరిగి నీరయ్యాడు. కాకరకి మాత్రం ఒళ్ళు మండింది.

"నిన్నంతా ఇది నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఆఫ్ కూడా చెయ్యలేదు" అంది మైనా గొప్పగా.

పూల చొక్కా, గడ్డి టోపీ, మెడలో కెమెరా. విహారయాత్రకి పోయే కొత్త జంటలా కారెక్కారు. జీపీఎస్ బాణం దక్షిణానికి చూపించింది.

"ఏవండీ, ఎడమకి తిప్పండి."

"వినేవాళ్ళున్నప్పుడు చాలు ఆ పిలుపు" అన్నాడు కాకర.

పెట్రోల్ బంకులో ఆవిడ మొహం సర్దుకోవడానికి వెళ్ళింది. ఇంకెంత దూరముందో చూద్దామని కాకర తెరమీది మ్యాప్‌ని చిన్నది చేశాడు. తమ ఆఫీసు దగ్గర మొదలైన చుక్కల గీత ఒకటి ఉత్తరాన కొండల దాకా పోయి, మళ్ళీ ఆఫీసుకే తిరిగొచ్చింది. ఆ యంత్రం తను పోయిన దారంతా చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. మహాతల్లి గమ్యం మార్చింది గానీ, నిన్న తను తిరిగిన దారి చెరపడం మర్చిపోయింది. అంత శిక్షణ పొందీ పప్పులో కాలేసింది.

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"నిన్న కొండల్లో ఏం పని?"

మైనా లిప్‌స్టిక్ మూత తిప్పింది. సూది దూసుకొచ్చి గడ్డి టోపీలో దిగింది. మరుక్షణం ఆవిడ చెయ్యి బేడీతో కారు తలుపుకి అతుక్కుంది.

"ఇంకా ఈ చవకబారు సరుకేనా మీవాళ్ళు ఇచ్చేది?" అంటూ కారుని ఉత్తరానికి మళ్ళించాడు.

చుక్కలు మూతపడ్డ టింబర్ డిపో ముందు ఆగిపోయాయి. పొద్దు కొండమీద వాలుతోంది. హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి. ఇద్దరు ముసుగు మనుషులు ప్రొఫెసర్‌ని మెట్లెక్కిస్తున్నారు. ఆయన ఒక కాలు అప్పటికే లోపల పెట్టాడు.

కాకర బ్రేకు తొక్కలేదు. నేరుగా హెలికాప్టర్ తోక మీదికి పోనిచ్చాడు.

"ఏవండీ!" అని మైనా కేక పెట్టింది. ఈసారి అందులో నటన లేదు.

తోక ఫ్యాన్ ముక్కలైంది. అదిరిపాటుకి ప్రొఫెసర్ రంపపు పొట్టులో పడ్డాడు. ముసుగు మనుషులు కాకర తుపాకీని చూడగానే చేతులెత్తేశారు. జీతానికి తగ్గ ధైర్యం.

మర్నాడు చీఫ్ మీసం దువ్వుకుంటూ జీపీఎస్‌ని అద్దాల బీరువాలో పెట్టించాడు.

"చూశావా? దీన్ని ఏరికోరి తెప్పించింది నేనే!"

"ఆవిణ్ణి కూడా మీరే కదా సార్" అన్నాడు కాకర.