ఆరో సొరంగంలో ప్రమాణం

"ఆగరా!"

రొక్కో ఆగడు. పట్టాల మీద పడుతూ లేస్తూ పరుగెడుతున్నాడు.

వెనక లెమ్... చేతిలో పిస్తోలు!

బయట మిట్టమధ్యాహ్నం. ఈ వెస్ట్ వర్జీనియా కొండ కడుపులో మాత్రం కాటుక చీకటి. ఇద్దరి టోపీల మీద మంటతో వెలిగే కార్బైడ్ దీపాలే వెలుతురు.

ఒక్క దూకు! కాలర్ చేతికి చిక్కింది. లెమ్ వాణ్ణి బొగ్గు గోడకేసి అదిమి, గొంతుకి పిస్తోలు ఆనిస్తాడు.

"ఎక్కడికిరా? కంపెనీవాడి కాళ్ళు పట్టుకోవడానికా?"

"నీకు మతి పోయిందా లెమ్ అన్నా? కంపెనీ గార్డులు దిగుతున్నారు! నీకు చెబుదామనే వచ్చా."

"మరి పారిపోయావేం?"

"తుపాకి తీస్తే పారిపోక ముద్దు పెట్టుకోమంటావా?"

లెమ్ నవ్వడు. నవ్వే రోజు కాదిది.

ఇవాళ భోజనం వేళ నలభై మంది ఈ ఆరో సొరంగానికి వస్తారు. యూనియన్ ప్రమాణం చేస్తారు. చోటు ముందే తెలిసినవాళ్ళు ముగ్గురే. తను... రెండు నెలల క్రితం పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఈ ఇటలీవాడు రొక్కో... యూనియన్ పంపిన డెవ్లిన్.

రొక్కో కంపెనీకి అమ్ముడుపోయాడని డెవ్లిన్ పొద్దునే చెవిలో ఊదాడు. మరి గార్డులకి ఎవడు చెప్పాడు?

ఉండే ఇల్లు కంపెనీది. తినే తిండి కంపెనీ కొట్టుది. యూనియన్ మనిషని తెలిస్తే సాయంత్రానికి సామాను రోడ్డు మీద ఉంటుంది. లెమ్ భార్య వెర్డీకి నెలలు నిండాయి. మంచులో కాన్పు ఎక్కడ చేయించాలి?

"శభాష్ సోదరా!"

చీకట్లోంచి డెవ్లిన్!

"దొంగ దొరికాడన్నమాట. ఇంకా చూస్తావేం? కాల్చు!"

లెమ్ తల తిప్పుతాడు. భగ్గున వెలుగు కళ్ళలో పడుతుంది.

"దీపం పక్కకి తిప్పు."

"ఏంటి?"

"దీపం! కళ్ళలో కొడుతోంది."

"ఓహో..." డెవ్లిన్ అలాగే సూటిగా చూస్తున్నాడు. "త్వరగా కానియ్. మనవాళ్ళు వచ్చే వేళైంది."

రొక్కో కాలర్ మీద లెమ్ పట్టు వదులవుతుంది.

గనిలో పనిచేసేవాడెవడూ ఎదుటివాడి మొహంలోకి చూసి మాట్లాడడు. నెత్తి మీది దీపం ఎదుటివాడి కళ్ళలో పడకుండా మెడ ఓ పక్కకి వంచి మాట్లాడతాడు. అది ఎముకల్లోకి ఇంకిపోయిన అలవాటు. ఆదివారం చర్చిలో, టోపీ లేనప్పుడు కూడా పక్కచూపులే! పెళ్ళాలు దెప్పుతూనే ఉంటారు.

రొక్కో? గొంతు మీద పిస్తోలు ఉన్నా మొహం పక్కకే తిప్పి మాట్లాడాడు!

"డెవ్లిన్... పదిహేనేళ్ళు బొగ్గు తవ్వానన్నావు కదూ?"

"అవును సోదరా."

మళ్ళీ వెలుగు... నేరుగా కళ్ళలోకి!

"తట్టయినా ఎత్తావా ఎప్పుడైనా?"

డెవ్లిన్ నవ్వుతాడు. కోటు లోంచి రివాల్వర్ బయటికి వస్తుంది.

"తెలివైనవాడివే. కంగారుపడకు, గార్డులకి చోటు మాత్రమే చెప్పాను. మీ పేర్ల బేరం ఇంకా తెగలేదు."

సొరంగం అటు చివర మిణుకు మిణుకుమంటూ దీపాలు. నలభై మంది!

ఇటు చివర బూట్ల చప్పుడు. గార్డులు!

లెమ్ గొంతు చించుకుంటాడు.

"మోసం! దీపాలు ఆర్పండి! వెనక్కి పొండి!"

దీపాలు టపటపా మాయం. రొక్కో దీపం ఆరింది. లెమ్ తన దీపాన్ని అరచేత్తో మూసి నేలకి కరుచుకుంటాడు.

డెవ్లిన్ పిచ్చెత్తినట్టు చీకట్లోకి కాలుస్తాడు. ఒకటి... రెండు!

లెమ్ పిస్తోలు ఎత్తుతాడు. మనిషిని ఎన్నడూ కాల్చినవాడు కాదు.

"మన మీదే కాలుస్తున్నారు!" గార్డుల కేక. "ఆ దీపం కేసి కాల్చండి!"

సొరంగం మొత్తానికి ఒకటే దీపం. డెవ్లిన్ నెత్తిమీద!

వాడు దాన్ని తడుముతాడు. వేళ్ళు కాలతాయి. ఎలా ఆర్పాలో తెలియదు!

"ఆగండ్రా! నేను మీవాణ్ణే! వీళ్ళ నాయకుడెవడో చెప్తాను... వాడి పేరు..."

ఢాం!

లెమ్ పిస్తోలు పేలకముందే గార్డుల గుండు ఆ ఆఖరి దీపాన్ని ఆర్పేస్తుంది.