మల్కాపురంలో ఆగిన మెయిల్

సుందర్ రాజ్ నీళ్లలో ఊపిరాడక చనిపోయాడని పంచనామాలో రాశారు. ఇరవై రెండేళ్లు ఓడల అడుగున ఈది బతికిన డైవరు, ఫిషింగ్ హార్బర్ మెట్ల దగ్గర మోకాలి లోతు నీళ్లలో మునిగిపోయాడంటే నమ్మడానికి ఏజెంట్ జాక్సన్ అంత అమాయకుడు కాదు. శవం చెవి వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క ఉంది. పంచనామా రాసిన పెద్దమనిషికి అది కనిపించలేదు.

ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్. కింది అంతస్తులో వందమంది పిల్లలు బ్యాంకు పరీక్షలకి బట్టీ పడుతున్నారు. పై అంతస్తులో ప్రిన్సిపాల్ ప్రేమలీల తలుపు గడియ పెట్టింది. ఆ తలుపు వెనక ఆమె ప్రిన్సిపాల్ కాదు, చీఫ్.

"హార్బర్‌లో ఇవాళ ఇరవై రెండు ఓడలున్నాయి జాక్సన్. ఒకదాని అడుగున మాగ్నెట్ మైన్ అంటించారు. ఏ ఓడో సుందర్ కనిపెట్టాడు. చనిపోయే ముందు మెయిల్ పంపాడు."

"మనకా మేడం?"

"మన లైన్లని నమ్మలేదు. మల్కాపురంలో అతని స్నేహితుడు సీతారామాంజనేయులు అని, స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆయన ఇంటి కంప్యూటర్‌కి పంపాడు. ఆ మెయిల్ అకౌంట్ పెట్టింది సుందరే. పాస్‌వర్డ్ ఆ మిషన్‌లోనే ఉంది, ఇంకెవరికీ తెలీదు. దాని మీద ఆరంకెల కోడ్ ఒకటి, అర నిమిషానికోసారి మారుతుంది. అదీ ఆ మిషనే తయారుచేసి పంపాలి. ఇప్పుడు చిక్కేమిటంటే, మూడు రోజులుగా మెయిల్ తెరుచుకోవడం లేదని పెద్దాయన ఇంటర్నెట్ ఆఫీసుకి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు."

"హార్బర్ ఖాళీ చేయిస్తే?"

"వాళ్ల మనుషులు చూస్తూనే ఉన్నారు. కంగారు కనిపించిందంటే ముందే పేల్చేస్తారు."

ఆమె చిన్న కాగితం ముందుకు తోసింది. శత్రువుల వైర్‌లెస్‌లో రాత్రి దొరికిన ఒకే ఒక్క వాక్యం. *మధ్యాహ్నం రెండింటికి కొబ్బరికాయ కొడుతున్నాం.*

"రెండు అన్న సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు. నీతో వచ్చే సైబర్ ఎక్స్‌పర్ట్‌కి కూడా సాయంత్రంలోగా అనే చెప్పాను. సుందర్ నీళ్లలోకి దిగుతున్నాడని ఈ ఆఫీసులో నలుగురికే తెలుసు. ఆ నలుగురిలో ఒకరు చెప్పబట్టే అతను చచ్చిపోయాడు."

జాక్సన్ కాగితం నమిలి మింగేశాడు. గొంతులో అది చాలాసేపు అడ్డంగా ఉండిపోయింది.

సైబర్ ఎక్స్‌పర్ట్ పేరు శ్రీసత్య. హైదరాబాద్ నుంచి ఆర్నెల్ల క్రితం వచ్చింది. ఆమె కారిడార్‌లో నడుస్తుంటే ఫైళ్లు చదివేవాళ్లు చదివిన లైనే మళ్లీ చదివేవాళ్లు. ఆ రోజు మాత్రం ఇంటర్నెట్ కంపెనీ నీలం చొక్కా వేసుకుని, జుట్టు ముడేసుకుని, భుజాన సంచీతో వచ్చింది. ఆ వేషంలో కూడా జనం తిరిగి చూశారు. వ్యాన్ ఎక్కే ముందు ఇద్దరి ఫోన్లూ, చేతి వాచీలూ సీసం పెట్టెలో పెట్టి చీఫ్ తాళం వేసింది. సిగ్నల్ పంపే వస్తువేదీ ఒంటిమీద ఉండకూడదు. జాక్సన్ దగ్గర మిగిలింది లైన్‌మన్ టెస్టర్ ఒక్కటే. దాని పొట్టలో వైర్‌లెస్ ఉంది. ఒక్క కాల్ చేసుకోవచ్చు. రెండోది చేస్తే శత్రువులు జాడ పట్టేస్తారు.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర బొగ్గు లారీలు బారులు తీరాయి. మల్కాపురం చేరి, సందులో మూడో ఇంటి గేటు తీసేసరికి హాల్లో లోలకం గడియారం ఒంటిగంటా పదిహేను చూపిస్తోంది. లారీలు ఇంత టైం తినేశాయా అనుకుంటూనే జాక్సన్ గుమ్మంలోకి వచ్చిన పెద్దాయనకి నమస్కారం పెట్టాడు.

"నాను ఇంటర్నెట్ ఆఫీసు నుంచొచ్చాను బాబూ. మెయిలు రాట్లేదని కంప్లైంట్ ఎట్టేరట గదా. ఏటైందో సూత్తాను." ఆ పైన గొంతు తగ్గించి కోడ్ వాక్యం అన్నాడు. "ఈయేడు పులస తిన్నారేటి?"

ఆంజనేయులు గారి ముఖం వెలిగింది. ఎవరైనా అలా అడిగితే ఏమనాలో సుందర్ ఆయనకి నేర్పాడు. ఆయన దాన్ని స్నేహితుడి వేళాకోళమే అనుకున్నాడు. "ఆయ్, గోదారికి ఎర్రనీళ్లు రావాలి కదండి. రండి రండి. సుందర్ ఎలా ఉన్నాడండి? రెండ్రోజులై కనపళ్లేదు."

"బాగున్నాడు బాబూ," అన్నాడు జాక్సన్. ఆ అబద్ధం చెప్పినందుకు అతనికి నిజంగానే బాధ కలిగింది.

కంప్యూటర్ బల్ల మీద నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంది. ఆయన భార్య గంగాభవాని దాన్ని చూపించి నిట్టూర్చింది. "మా రోహిత్‌ది బాబూ. హార్బర్‌లో క్రేన్ నడుపుతాడు. ఇవాళ రెండింటి షిఫ్టు. మొన్న సోమవారం బస్సు తప్పిపోయిందని, ఇవాళ హడావిడిగా పరిగెత్తి అన్నం మర్చిపోయాడు."

జాక్సన్ ఆ క్యారేజీ వైపు మళ్లీ చూడలేకపోయాడు.

స్క్రీన్ మీద ఒకటే లైన్: *సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు.* శ్రీసత్య కుర్చీలో కూర్చుంది. మోడెం ఆపి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ వేసింది. నాలుగు దీపాలూ పచ్చగా వెలిగాయి. కేబుల్ ఊడదీసి పెట్టింది. వార్తల సైట్ తెరుచుకుంది, క్రికెట్ స్కోరు వచ్చింది, మెయిల్ మాత్రం రాలేదు. యాంటీవైరస్ ఆపింది. ఫైర్‌వాల్ ఆపింది. సర్వర్ పేరు, పోర్ట్ నంబర్ ఒక్కో అక్షరం చదివి చూసింది. ప్రతిదానికీ మిషన్ ఆపి మళ్లీ వేసింది. ఆ పాత డబ్బా లేచి కూర్చోవడానికి ప్రతిసారీ ఐదు నిమిషాలు పడుతోంది. గోడ గడియారం ఒకటీ యాభై. కంప్యూటర్ మూలన ఉన్న టైమూ ఒకటీ యాభై.

"లాభం లేదు," అంది. "అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టాలి." మౌస్ బాణం 'రిమూవ్' మీదికి వెళ్లింది.

జాక్సన్ ఆమె చేతిని పట్టుకున్నాడు. "అది తీస్తే పాస్‌వర్డ్ పోద్ది."

"వేరే దారి చెప్పు మరి."

సైబర్ చదువు చదివిన మనిషికి అంతమాత్రం తెలియదా అన్న అనుమానం జాక్సన్‌కి మొలిచింది. ఆమె మౌస్ వదిలేసింది. ఆ తర్వాత కీబోర్డ్ జోలికి పోలేదు.

ఒకటీ యాభై ఎనిమిది. జాక్సన్ కళ్లు మూసుకున్నాడు. తను ఎప్పుడూ చూడని క్రేన్ కుర్రవాడొకడు ఆకలితో నిచ్చెన ఎక్కుతున్నట్టు కనిపించింది. గడియారం గరగరమని, టంగు టంగుమని రెండు కొట్టింది.

ఏమీ కాలేదు. పక్కింట్లో కుక్కర్ విజిల్ వేసింది.

జాక్సన్ కళ్లు తెరిచాడు. శ్రీసత్య కుర్చీలో లేదు. కిటికీ అద్దాలకి దూరంగా, సిమెంటు గోడ మూల నిలబడి ఉంది. రెండు చెవుల్లో వేళ్లు. నోరు కొద్దిగా తెరిచి ఉంది. పేలుడు ముందు అలా నిలబడమని ట్రైనింగ్‌లో నేర్పుతారు.

"రెండింటికని నీకెవరు చెప్పారు?" అన్నాడు జాక్సన్ మెల్లగా.

ఆమె వేళ్లు తీసింది. అప్పుడే గంగాభవాని మజ్జిగ గ్లాసులతో లోపలికి వచ్చింది.

"అదేంటమ్మాయ్, చెవులు మూసుకున్నావ్? హార్బర్ షిఫ్టు సైరన్ అనుకున్నావా? రెండు ఇంకా ఎక్కడయింది. మా ఇంట్లో టైం ఇరవై నిమిషాలు ముందుంటుంది. కూర్మన్నపాలెంలో ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉన్నప్పట్నుంచీ అంతే, షిఫ్టు బస్సు తప్పకూడదని. ఈ కంప్యూటర్ ఒక్కటే సరిగ్గా ఉండేది. సోమవారం దాన్ని నమ్ముకుని మావాడు బస్సు అందుకోలేకపోయాడు. అందుకని ఈయన దీన్నీ ముందుకి జరిపేశారు."

రెండూ ఒకేసారి అర్థమయ్యాయి జాక్సన్‌కి. ఇంకా ఇరవై నిమిషాలుంది. మెయిల్ ఎందుకు ఆగిందో కూడా తెలిసింది.

శ్రీసత్యకీ అర్థమైంది. జుట్టుముడిలోంచి పొడవాటి సూది లాగి గంగాభవాని మెడ పట్టుకుంది. గ్లాసులు నేల మీద పడ్డాయి. "సుందర్‌కి నొప్పి తెలియలేదు," అంది చల్లగా. "ఈవిడకీ తెలియదు. కంప్యూటర్ పగలగొట్టు జాక్సన్."

జాక్సన్ క్యారేజీ ఎత్తాడు, కంప్యూటర్ మీద వేయబోతున్నట్టే. ఆమె చూపు స్క్రీన్ వైపు తిరిగిన క్షణంలో అదే క్యారేజీ ఆమె మణికట్టు మీద పడింది. సూది ఎగిరి మంచం కిందికి పోయింది. చేపల పులుసు నీలం చొక్కా నిండా ఒలికింది. ఫోర్‌మన్ ఆంజనేయులు గారు ఎవరూ చెప్పకుండానే కేబుల్ చుట్ట విప్పి ఆమె చేతులు కట్టేశారు. ముప్పై ఏళ్లు ఇనుము కట్టలు కట్టించిన మనిషి, ముడి గట్టిగానే పడింది.

"మెయిల్ ఆగింది ఏ రోజు బాబూ?"

ఆయన ఆలోచించాడు. "సోమవారమేనండి. ఇంటర్నెట్ టైం వచ్చి నా టైం చెరిపేస్తోందని, అది కూడా ఆపేశాను."

సుందర్ పెట్టిన కోడ్ గడియారం చూసుకునే తయారవుతుంది. ఈ మిషన్ ఇరవై నిమిషాల తర్వాత రావలసిన కోడ్‌ని ఇప్పుడే పంపుతోంది, సర్వర్ దాన్ని గెంటేస్తోంది. శ్రీసత్య పని చేస్తున్నట్టు నటించకుండా నిజంగా ఒక్క నిమిషం రిపేరు చేసి ఉంటే ఇది దొరికేది. జాక్సన్ ఆ మూలన ఉన్న టైం నొక్కి ఆటోమేటిక్ చేశాడు. అంకెలు ఒకటీ నలభై ఆరుకి వెనక్కి దూకాయి.

ఇన్‌బాక్స్‌లో ఒక ఉత్తరం పడింది. *సీ లోటస్. ఏడో బెర్త్. ఎరువుల బస్తాల వెనక పేలుడు మందు ఉంది. మైన్ చుక్కాని పక్కన ఎడమవైపు. ఎర్ర మీట ముట్టుకోవద్దు, పచ్చది తిప్పి లాగాలి. ఆంజనేయులు గారూ, నేను రాకపోతే మీ రోహిత్‌ని ఇంట్లోనే ఉంచండి.*

పెద్దాయన ఆఖరి లైన్ రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి, తుడవకుండానే పెట్టుకున్నాడు.

జాక్సన్ టెస్టర్ మీట నొక్కి మూడు వాక్యాలు చెప్పాడు. అవతల ప్రేమలీల ఒకటే అంది. "జాలరి పడవలో డైవర్ని పంపుతున్నా. పది నిమిషాలు కావాలి."

టెస్టర్ చచ్చిపోయింది. ఇక చేయగలిగింది లేదు. గంగాభవాని దేవుడి గూటి ముందు కూర్చుంది. జాక్సన్ చొక్కా లోపలి శిలువని పిడికిట బిగించాడు. ఒకటీ యాభై ఏడు. యాభై ఎనిమిది. కట్టేసి ఉన్న శ్రీసత్య సన్నగా నవ్వుతోంది. యాభై తొమ్మిది.

రెండు.

హార్బర్ వైపు నుంచి సైరన్ పొడవుగా, తీరిగ్గా మోగింది. రోజూ మోగినట్టే. అది ఆగిపోయాక కూడా ఏమీ పేలలేదు. శ్రీసత్య నవ్వు ఆగింది. గంగాభవాని పైటతో కళ్లు తుడుచుకుని, ఖాళీ క్యారేజీ తీసి కడగడానికి వెళ్లింది.

సాయంత్రం మనుషులు వచ్చి శ్రీసత్యని వ్యాన్ ఎక్కించారు. సుందర్ సంగతి జాక్సన్ అప్పుడు చెప్పాడు. పెద్దాయన లేచి కంప్యూటర్ ముందు కూర్చుని, దాని టైం మళ్లీ ఇరవై నిమిషాలు ముందుకి జరిపాడు.

"రేపు మావోడికి పొద్దున్న ఆరింటి షిఫ్టండి," అన్నాడు.

స్క్రీన్ మీద మళ్లీ అదే లైన్ వచ్చింది. ఆయన జాక్సన్ వైపు చూశాడు. జాక్సన్ సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఆపీసులో కంప్లైంట్ ఎట్టండి బాబూ. రేపు ఎవులో ఒకలొచ్చి సూత్తారు."